మా వంశంలో ఎవరికీ లేదు

నా వీపు వంకరగా ఉందని మొట్టమొదట చెప్పింది మా వీధి చివర రవికలు కుట్టే ఆమె. అప్పుడు నాకు పన్నెండేళ్లు. బంధువుల పెళ్లికి మొదటిసారి పావడా, దావణి కట్టుకోబోతున్నానని అమ్మ నన్ను కొలతలకు తీసుకెళ్లింది. ఆమె టేపు భుజం మీంచి దించింది, మళ్లీ ఎత్తింది, మళ్లీ దించింది. చివరికి నన్ను గోడకు ఆనించి నిలబెట్టింది.

"అక్కా, కుడి పక్క ఒక అంగుళం ఎక్కువ వస్తా ఉండాది. బిడ్డను నేరుగా నిలబడమను."

"నేను నేరుగా తాన్ నిలబడినా," అన్నాను. మాది తమిళ నేల మీద తరాలుగా ఉంటున్న తెలుగు ఇల్లు; మా మాటల్లో "నేరుగా తాన్" అంటే "నేరుగానే" అని.

ఆమె అరచేత్తో నా వీపు తడిమింది. కుడి రెక్క ఎముక దగ్గర చెయ్యి ఆగింది. అమ్మను పిలిచి అక్కడే చెయ్యి పెట్టి చూడమంది. అమ్మ చూసింది. రవిక సంగతి మరిచిపోయి నన్ను ఇంటికి లాక్కొచ్చింది.

ఇంట్లో అవ్వ, అంటే నాన్నమ్మ, అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను వెనక్కి తిప్పి, గౌను వీపు దగ్గర బిగించి పట్టుకుని చూసింది. చూసిన వెంటనే అమ్మ వైపు తిరిగింది.

"ఎప్పుడు చూసినా ఒక చంకలో తాన్ ఎత్తుకొని తిప్పినావు. లేత ఎముక. వంగక ఏం చేస్తుంది?"

అమ్మ ఏదో అనబోయింది. అవ్వ ఆగలేదు. "పళ్లికూడం సంచి కూడా ఒక పక్క తాన్ తగిలించి పంపుతావు. నేను ఎన్నిసార్లు చెప్పినా?"

అవ్వ ఒక్కసారి కూడా చెప్పలేదు. అయినా అమ్మ తల ఊపింది. మర్నాటి నుంచి నా సంచి అమ్మే మోసింది. బడి గేటు దాకా నా పక్కన నడిచి, అక్కడ నా చేతికిచ్చి వెళ్లేది. తోటి పిల్లలు నవ్వేవాళ్లు. నాకు సిగ్గేసి, గేటుకు ఇంకా దూరముండగానే సంచి లాక్కుని పరిగెత్తేదాన్ని. వెనకనుంచి అమ్మ, "రెండు భుజాలకూ తగిలించుకోమ్మా, రెండు భుజాలకూ," అని అరిచేది.

రెండు వారాల తర్వాత నాన్న నన్ను మధురైకి తీసుకెళ్లాడు. అమ్మను రమ్మనలేదు. నాన్నకు ఆస్పత్రులకు వెళ్లే కట్టుగుడ్డ నేసే మగ్గాల షెడ్డు ఉండేది, ఊరికి పడమట మామిడి తోట ఉండేది. వీటన్నిటికంటే ఎక్కువ ప్రేమ మా ఊరి జాతి తెల్ల కుక్కల మీద. ఏ కూన ఏ తల్లికి పుట్టింది, ఆ తల్లి ఎవరి ఇంటి నుంచి వచ్చింది, దాని తాత ఎవరు, అన్నీ నాన్న నోటికి వచ్చు. ఆ రోజు బస్సులో కూడా పక్కనున్న ఆయనతో కుక్కల గురించే మాట్లాడాడు. నేను కిటికీ పక్కన కూర్చుని, దార్లో ఎక్కడైనా బజ్జీలు కొనిస్తాడేమోనని చూస్తున్నాను.

డాక్టరు నన్ను రెండు చేతులూ జోడించి ముందుకు వంగమన్నాడు. వెనక నిలబడి చూశాడు. ఎక్స్‌రే తీయించాడు. దాన్ని వెలుతురుకు పెట్టినప్పుడు నా వెన్నెముక నాకు మొదటిసారి కనిపించింది. తిన్నగా దిగాల్సింది కుడివైపుకు ఒంగి, కింద మళ్లీ ఎడమకు తిరిగింది. నాన్న దాన్ని చాలాసేపు చూశాడు. నాన్న మొహంలో ఆశ్చర్యం లేదు. అది నేను గమనించాను. కానీ దాని అర్థం నాకు అప్పుడు తెలియలేదు.

డాక్టరు తమిళంలో నెమ్మదిగా చెప్పాడు. కొందరికి కడుపులో ఉన్నప్పుడే వెన్నుపూసలు తప్పుగా ఏర్పడతాయట. నాకు అలా లేదు, ఒక్కో పూసా సరిగానే ఉంది. కొందరికి పోలియో వల్లో, కండరాల జబ్బు వల్లో వస్తుందట. నాకు అవీ లేవు. రెండు కాళ్లూ కొలిచాడు, సమానంగానే ఉన్నాయి. "ఎక్కువమందికి ఇలాగే వస్తుంది. ఎందుకొస్తుందో మాకే పూర్తిగా తెలియదు. ఎదిగే వయసులో ఆడపిల్లలకు త్వరగా ముదురుతుంది. కొన్ని ఇళ్లలో వరసగా కనిపిస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?"

"మా వంశంలో ఎవరికీ లేదు సార్," అన్నాడు నాన్న.

"మీ అక్కచెల్లెళ్లకు? మేనత్తలకు?"

"ఎవరికీ లేదు."

డాక్టరు కాగితం మీద రాసుకున్నాడు. నాకు ఎక్కడ లేని ధైర్యం వచ్చి, సంచి మోస్తే వస్తుందా అని అడిగాను. ఆయన నవ్వాడు. సంచి వల్ల నడుం నొప్పి పుట్టొచ్చు గానీ వెన్ను ఇలా మెలి తిరగదన్నాడు. చంకలో ఎత్తుకున్నా, పక్కకు ఒత్తిగిలి పడుకున్నా రాదన్నాడు. తర్వాత బల్ల కింద నుంచి బెల్టు అని పిలిచే ఒక గట్టి ప్లాస్టిక్ చట్టం తీసి చూపించాడు. చంకల కింద నుంచి తుంటి దాకా ఉంది. వెనక పట్టీలు. ఎదుగుదల ఆగేదాకా, స్నానం వేళ తప్ప రోజంతా అది వేసుకునే ఉండాలి. ఉన్న వంకర దానివల్ల పోదు, ముదరకుండా ఆగే అవకాశం మాత్రం ఉంది. వచ్చే వారం వస్తే కొలత తీసుకుంటామన్నాడు.

ఆ చట్టాన్ని చూసి నాకు ఏడుపొచ్చింది. పెళ్లికి కట్టుకోవాలనుకున్న దావణి గుర్తొచ్చింది.

ఇంటికి రాగానే అమ్మ గుమ్మంలోనే అడిగింది. "డాక్టరు ఏం చెప్పినాడు?"

నాన్న చెప్పులు విప్పుతూ చెప్పాడు. "సంచి మోయకూడదంట. వంగి కూర్చోకూడదంట. నూనె రాసి ఎక్సర్‌సైజు చేస్తే చాలంట."

చెప్పి ఒక్కసారి నా వైపు చూశాడు. అందులో బెదిరింపు లేదు. అడుగుతున్నట్టు ఉంది. నేను ఆ గదిలో ఉన్నాను. అన్నీ విన్నాను. ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. కానీ చెబితే ఆ ప్లాస్టిక్ చట్టం వస్తుంది. నేను కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లిపోయాను.

లోపల అవ్వ అంటోంది, "చూసినావా? నేను చెప్పింది తాన్ డాక్టరూ చెప్పినాడు."

ఆ తర్వాత ఏడేళ్లు మా ఇంట్లో నా వీపు అమ్మ తప్పు. పొద్దున్నే నువ్వుల నూనె కాచి వీపుకు పట్టించేది. సేత్తూరు వైపు ఎముకలు సరిచేస్తాడని పేరున్న ఒకాయన దగ్గరికి నెలకోసారి బస్సులో తీసుకెళ్లేది. ఆయన మోకాలు నా వీపుకు ఆనించి భుజాలు వెనక్కి లాగేవాడు. నేను కేకలు పెట్టేదాన్ని. అమ్మ గోడ వైపు తిరిగి నిలబడేది. వంటింటి గుమ్మానికి ఇనప కడ్డీ బిగించి, రోజూ పావుగంట దానికి వేలాడమన్నారు. వేలాడాను. పద్నాలుగేళ్లకు కుడి భుజం కనబడేంత ఎత్తు లేచింది. పదహారేళ్లకు వీపు మీద చిన్న మూపురం వచ్చింది. దావణి కొంగు రెండు భుజాల మీదుగా తిప్పి కప్పుకోవడం అలవాటు చేసుకున్నాను.

పెళ్లికి వెళ్లినా, సీమంతానికి వెళ్లినా ఎవరో ఒకరు అడిగేవాళ్లు. అమ్మ ఎవరూ నిందించకముందే తనే చెప్పేసేది. "నేను తాన్ చిన్నప్పుడు ఒక పక్కే ఎత్తుకొని తిప్పినా. తెలియలే." నవ్వుతూ చెప్పేది. విన్నవాళ్లు కూడా నవ్వేవాళ్లు. నేను అక్కడే నిలబడి ఉండేదాన్ని.

ఆ రోజుల్లోనే ఒక ఈతలో నాన్న కుక్కకు పుట్టిన కూనల్లో రెండింటికి చెవులు వినబడలేదు. నాన్న రెండు రోజులు సరిగా తినలేదు. ఆ తల్లిని ఇంక ఈనించనని చెప్పేశాడు. ఎవరో వచ్చి మంచి కుక్క కదా, ఇంకోసారి చూడమంటే, "దీని తల్లి ఈతలో కూడా ఒకటి చెవుడు. రక్తంలో ఉండాది. తెలిసి తెలిసి పక్కింటికి అంటగట్టేదా?" అన్నాడు. నేను వరండాలో చదువుకుంటూ విన్నాను. నీతిమంతుడని అనుకున్నాను కూడా.

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు మేనత్త పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆమె నాన్నకు అక్క. చోళపురంలో ఉండేది. భర్త పోయాడు, కూతురు అత్తారింట్లో ఉంది. కాలేజీ సెలవులు కాబట్టి చేతికి సాయంగా నన్ను పంపారు. అత్త ఎప్పుడూ ముతక చీర కట్టేది, కొంగు రెండు భుజాల చుట్టూ తిప్పి బొడ్లో దోపుకునేది. పాతకాలం మనిషి, అలా కట్టుకుంటుందని అందరమూ అనుకునేవాళ్లం.

మొదటిరోజు స్నానం చేయించడానికి వెళ్తే వద్దంది. కట్టు తడిస్తే మళ్లీ ఆస్పత్రికి పోవాలని నేను పట్టుబట్టాను. చివరికి రవిక విప్పింది.

నా చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. ఆమె వీపు నా వీపే. కుడి రెక్క ఎత్తు, నడుం దగ్గర ఎడమకు మలుపు, ఎడమ పక్క నడుం మడత లోతుగా. వయసు వల్ల ఇంకా ముందుకు ఒంగింది, అంతే తేడా.

"అత్తా," అన్నాను.

"నీళ్లు పోయ్. చల్లారుతా ఉండాది."

పోశాను. ఆమె గోడ వైపు చూస్తూనే చెప్పింది. "మా మేనత్తకు కూడా ఇట్లే ఉండెను. నేను చూసినా. నాకు పదమూడో యేడు వచ్చె. నీకూ అట్లే అంటిరి."

"మా నాయనకు తెలియదా?"

"తెలియకనా? చిన్నప్పుడు నా వీపుకు నూనె రాసింది వాడు తాన్. ఆడపిల్లకు వేరే ఎవరు రాసేది, అమ్మకు ఓపిక లేదు."

నేను సబ్బు పట్టుకుని నిలబడ్డాను. నన్ను మధురై తీసుకెళ్లారనీ, డాక్టరు అడిగితే నాన్న ఎవరికీ లేదన్నాడనీ చెప్పాను. అత్త కట్టున్న చెయ్యి నీళ్లకు దూరంగా జరుపుకుంది.

"ఆ యేడు తాన్ నా కూతురుకు సంబంధం మాట్లాడుతా ఉండిరి," అంది. "తెలిసిన ఇల్లు. మన ఊరి మనుషులు ఆ ఆస్పత్రిలో కూడా ఉంటారు. మాట బయటికి పోతే? వాడు నా కోసం తాన్ చెప్పలే. నువ్వు వాణ్ణి తప్పుగా అనుకోవద్దు."

"మా అమ్మను ఏడేండ్లు అంటా ఉండారు అత్తా."

"ఆమా, విన్నా," అంది అత్త, అవునన్నట్టు తల ఊపి. "కోడలు కదా."

అంతే చెప్పింది. అందులో ఎగతాళి లేదు, జాలి కూడా లేదు. తువ్వాలు అడిగింది. ఇచ్చాను.

వారం తర్వాత ఇంటికొచ్చాను. నాన్న కుక్కల పాకలో గిన్నెలు కడుగుతున్నాడు. అక్కడికే వెళ్లి అత్త వీపు చూశానని చెప్పాను. గిన్నె కడగడం ఆపలేదు.

"చెప్పి ఉంటే ఏం అవుతుంది? వంగింది నిలబడుతుందా?"

"బెల్టు వేసి ఉంటారు."

"నువ్వు కూడా వద్దు అన్నట్టు తాన్ ఉంటివి."

"నాకు పన్నెండేండ్లు నాయనా. ఈ కుక్కలకు మూడు తరాలు చూస్తివి. చెవుడు ఉండాదని ఆ తల్లిని ఈననీయలే. డాక్టరు అడిగితే మాత్రం ఎవరికీ లేదు అంటివి."

"కుక్క వేరే. మనుషులు వేరే." గిన్నె బోర్లించాడు. "మనుషులకు పెళ్లిళ్లు కావాల."

"అమ్మను అన్నారే అందరూ!"

అప్పుడు నా మొహంలోకి చూశాడు. "నేను ఎప్పుడైనా అన్నానా? ఒక మాట అన్నానా మీ అమ్మను?"

నిజమే. ఒక్క మాట కూడా అనలేదు. అంటున్నవాళ్ల మధ్య కూర్చుని అన్నం తిన్నాడు, అంతే. ఆ జవాబు తలుచుకుంటే ఇవాళ్టికీ నాకు ఒళ్లు మండుతుంది.

అమ్మ వెనక గదిలో చిక్కుడుకాయలు తుంచుతోంది. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. ఎత్తుకోవడం వల్ల కాదు, సంచి వల్ల కాదు, అసలు కారణం డాక్టర్లకే పూర్తిగా తెలియదు, కానీ నాన్న వైపు వరసగా ముగ్గురికి ఉంది, అది దాచారు. ఆమె సంతోషిస్తుందనో, ఏడుస్తుందనో, లేచి వెళ్లి అవ్వను నిలదీస్తుందనో అనుకున్నాను. ఆమె చేతిలో కాయ తుంచకుండా అలాగే పట్టుకుని నన్ను చూసింది.

"సంచి వల్ల కాదని ఆ డాక్టరు అప్పుడే చెప్పినాడా?"

"చెప్పినాడు."

"నువ్వు విన్నావా?"

"విన్నా."

"ఎత్తుకుంటే రాదని కూడా?"

నేను తల ఊపాను. అమ్మ మళ్లీ కాయలు తుంచడం మొదలుపెట్టింది. "అప్పుడు నువ్వు కూడా తాన్," అంది.

ఆ తర్వాత పది రోజులు నాతో అవసరమైనంతే మాట్లాడింది. అన్నం పెట్టింది, నూనె మాత్రం రాయలేదు. నేను అడగలేదు. ఇనప కడ్డీని మాత్రం అమ్మే ఒకరోజు మేస్త్రీని పిలిపించి ఊడబీకించింది. అవ్వను ఏమీ అడగలేదు. అవ్వ పోయేదాకా ఇద్దరి మధ్యా ఆ ప్రస్తావన రాలేదు. అడిగి ఉంటే అవ్వ ఒప్పుకునేది కాదు. ఆ సంగతి అమ్మకు నాకంటే బాగా తెలుసు.

నేను చదువు ముగించి తళవాయిపురంలో ఒక బడిలో లెక్కల టీచరుగా చేరాను. రోజూ బస్సులో నిలబడి ప్రయాణం. ఇరవై ఆరేళ్లకు మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. మధురైలో వేరే డాక్టరు చూసి, వంకర బాగా ముదిరింది, ఊపిరితిత్తికి చోటు తగ్గుతోంది, ఆపరేషన్ చేయాలన్నాడు. పన్నెండేళ్లప్పుడే బెల్టు వేసి ఉంటే ఇది తప్పేదా అని అడిగాను. ఆగి ఉండొచ్చు, ఆగకపోయి ఉండనూ వచ్చు, ఇప్పుడు ఎవరూ చెప్పలేరన్నాడు. ఆయన నిజాయితీగానే చెప్పాడు. ఆ జవాబు నాకు దేనికీ పనికిరాలేదు. తప్పకుండా ఆగేదని ఆయన అని ఉంటే నాన్న మీద కోపాన్నైనా పూర్తిగా పెంచుకునేదాన్ని.

వెన్నుకు రెండు కడ్డీలు, మరలు వేశారు. ఇప్పుడు చాలావరకు తిన్నగా ఉంటాను. నేల మీద పడ్డ సుద్దముక్క తీసుకోవాలంటే మోకాళ్లు మడవాలి. ఆపరేషన్ రోజు నాన్న ఆస్పత్రికి వచ్చాడు. బయట బెంచీ మీద కూర్చున్నాడు. లోపలికి రాలేదు. పెళ్లి సంబంధాలు కొన్ని వచ్చాయి. వచ్చినవాళ్లకు మొదటే అన్నీ చెప్పాను. వచ్చినవి వచ్చినట్టే ఆగిపోయాయి. చెప్పినందుకు ఇంట్లో నన్నే తప్పు పట్టారు.

నిరుడు, మాతోనే ఉంటున్న తమ్ముడి కూతురు మా ఇంటి అరుగు మీద బూట్ల తాళ్లు కట్టుకుంటోంది. దానికి పదకొండేళ్లు. వంగి ఉన్న దాని వీపు వెనక నుంచి చూశాను. చొక్కా కుడి పక్క కొంచెం లేచి ఉంది. దాన్ని లోపలికి పిలిచి చేతులు జోడించి వంగమన్నాను. మళ్లీ చూశాను. ఇంకోసారి చూడాల్సిన అవసరం లేకపోయింది.

మరదలికి చెబితే, "ఫోను చూస్తా చూస్తా ఒక పక్కే పడుకుంటాది వదినా. నేను తాన్ చూసుకోలే," అని ఏడ్చింది. ఎవరూ ఏమీ అనకముందే ఆమె కూడా తప్పు తన మీద వేసుకుంది. తమ్ముడు నన్ను పక్కకు పిలిచి, "అక్కా, ఆడపిల్ల. ఊళ్లో చెప్పుకొని తిరగవద్దు. కొంచెం పెద్దది అవనీ, చూద్దాం," అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు వంటింట్లోంచి అమ్మ బయటికొచ్చింది. కొడుకు మీద గొంతు పెంచడం నేను ఎప్పుడూ వినలేదు.

"ఏమి చూసేది? పెద్దది అయినాక ఏముంటాది చూసేదానికి? రేపు పోతాము."

నాన్న ఆ గదిలోనే కుర్చీలో ఉన్నాడు. పేపరు మడిచి మళ్లీ విప్పాడు.

మధురైలో ఈసారి డాక్టరు అడగకముందే అమ్మ తనకు వచ్చిన తమిళంలో అన్నీ చెప్పింది. వీళ్ల తాత మేనత్తకు, తాత అక్కకు, ఇదిగో నా కూతురికి. వేళ్లు మడుస్తూ చెప్పింది. వంకర ఇంకా తక్కువే ఉందని డాక్టరు అన్నాడు. ఇంట్లో ఉన్నంత మాత్రాన అందరికీ రాదనీ, వచ్చినా అందరికీ ముదరదనీ, ఇంత త్వరగా తీసుకొచ్చినందుకు మంచిదైందనీ అన్నాడు. బెల్టుకు కొలతలు తీసుకున్నారు.

పిల్ల వచ్చేటప్పుడు బస్సులో నా పక్కన కూర్చోలేదు. వాళ్లమ్మ పక్కన కూర్చుంది. బెల్టు వచ్చాక మొదటి నెల రోజూ ఏడ్చింది. బడిలో ఎవరో తాబేలు అన్నారట. ఒకరోజు పట్టీలు బిగించడానికి దగ్గరికి వెళ్తే నా చెయ్యి తోసేసింది.

"నువ్వు తాన్ నాకు ఇచ్చినావు. డాక్టరు చెప్పినాడు కదా, ఇంట్లో నుంచి వస్తుందని. నీకు ఉండెను, అందుకే నాకు వచ్చె."

అలా రాదని చెప్పాను. నా నుంచి దానికి నేరుగా రాదనీ, మా ఇద్దరికీ ఎక్కడినుంచో వచ్చిందనీ, ఎవరూ ఇవ్వలేదనీ, ఎవరి తప్పూ కాదనీ. లెక్కల టీచరుని, అర్థమయ్యేలా చెప్పడం నా పని. అది విననే లేదు. పదకొండేళ్ల పిల్లకు ఎవరో ఒకరి తప్పు కావాలి. పంతొమ్మిదేళ్లకు నాకూ కావలసి వచ్చింది. ఇప్పటికీ ఒక్కోసారి కావాలనిపిస్తుంది.

ఇప్పుడు నేను దగ్గరికి వెళ్తే పిల్ల లోపలి గదిలోకి పోతుంది. పట్టీలు మా అమ్మే బిగిస్తుంది. నిన్న కూడా అమ్మ దాని వెనక నిలబడి ఒక్కో పట్టీ లాగుతోంది. పిల్ల నొప్పి అంటోంది. అమ్మ ఇంకో రంధ్రం దాకా లాగింది.